దించని దరువు

మా అక్క సావిత్రి పెళ్లిలో నేను చావు డప్పుకు చిందులేశాను. నేనొక్కణ్ణే కాదు, మా మేనమామ వేశాడు, బావ తమ్ముళ్లు ముగ్గురూ వేశారు, కాలికి కట్టు కట్టుకుని వచ్చిన పెళ్లిపెద్ద కూడా ఒంటికాలి మీద వేశాడు. 1982 ఎండాకాలం సంగతి ఇది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నా కాళ్లు అట్లా నా మాట వినకుండా కదల్లేదు. ఆ దరువును మా మీదికి వదిలినవాడు దేవదానం. అతని గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. రాస్తే మా ఊరి గురించీ, నా గురించీ నాలుగు చేదు మాటలు రాయక తప్పదు. సరే, తప్పకపోతే రాద్దాం.

దేవదానానిది హనుమకొండ. చర్చి వెనక వాడలో రెండు గదుల ఇల్లు, ముందు గదిలోనే దుకాణం. ‘బేత్లెహేము సౌండ్ సర్వీస్’ అని తన చేత్తోనే బోర్డు రాసుకున్నాడు. నేర్చుకున్నది వైర్‌మన్ పని. పెళ్లిళ్లకూ, మీటింగులకూ, క్రిస్మస్‌కూ, వినాయకుడికీ, ఎవరు పిలిస్తే వాళ్లకు మైకు కట్టేవాడు. బక్కపలచటి మనిషి, చెవులు మాత్రం చాటంత. “దేవుడు ముందుగాల నా చెవులు జేసిండు. మిగిలిన మట్టితోని మనిషిని జేసిండు” అని తనే నవ్వేవాడు. భార్య మార్తమ్మ చర్చిలో పాట ఎత్తుకుంటే వాడంతా వినిపించేది. ఆ ఇంట్లో మైకు అవసరమైన గొంతు అతనిదొక్కటే.

మైకుసెట్టు వాళ్లు మా జిల్లాలో అప్పటికే బోలెడుమంది. రికార్డు పెట్టడం, అయిపోతే తీయడం, ఇంకోటి పెట్టడం, మధ్యలో ‘హలో హలో మైక్ టెస్టింగ్’ అనడం వాళ్ల పని. దేవదానానికి ఆ మధ్యలోనే ఇబ్బంది వచ్చింది. 1976లోనో 77లోనో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పెళ్లి ఊరేగింపులో జనం మంచి ఊపు మీద ఉండగా పాట అయిపోయింది. రికార్డు తిప్పి పెట్టేలోపు ఎగిరేవాళ్లు ఆగిపోయారు. తర్వాతి పాట దానికంటే మంచిదే, అయినా ఎవరూ కదల్లేదు.

దాని గురించి అతను నాకు చెప్పిన మాట ఇది. “పాట ఆగంగనే ఒకని మొకం ఒకడు సూస్తడు తమ్మీ. సూడంగనే సిగ్గు యాదికొస్తది. సిగ్గు యాదికొచ్చినోన్ని మళ్ల ఎగిరిచ్చుడు ఎవలి తరం గాదు. గందుకే ఆగనియ్యద్దు.”

ఆగనివ్వకుండా ఉండటం ఎట్లా అనే ప్రశ్న అతన్ని పట్టుకుంది. పట్టుకుంటే అతను ఇంక అన్నం కూడా చూసి తినడు. కాజీపేట నుంచి బదిలీ మీద పోతున్న ఒక రైల్వే ఆయన దగ్గర పాత రికార్డు ప్లేయరు ఇంకొకటి సంపాదించాడు. రెండింటినీ ఒకే యాంప్లిఫయరుకు కలిపాడు. చెడిపోయిన రేడియోల్లోంచి మీటలు పీకి, ఒకదాని గొంతు తగ్గుతుంటే ఇంకోదాని గొంతు పెరిగేటట్టు ఒక చెక్కపెట్టెలో బిగించాడు. ఒక పాట చివరన ఉండగానే రెండోది లోపలి నుంచి మొదలయ్యేది. బాగానే ఉంది కానీ ఒక పాట నడక ఇంకో పాట నడకతో కలవదు. ఎద్దునూ దున్ననూ ఒకే బండికి కట్టినట్టు ఉండేది. దానికి మందుగా తిరిగే రికార్డు అంచు మీద వేలు ఆనించి దాని వేగం తగ్గించడం నేర్చుకున్నాడు. వేలు ఆనిస్తే పాడేవాళ్ల గొంతు నిద్రలో మాట్లాడుతున్నట్టు సాగుతుంది. అందుకని పాడే భాగం వదిలేసి, పల్లవికీ చరణానికీ నడుమ వాయిద్యాలు మోగే ముక్కలే ఏరుకున్నాడు. ఏ ముక్క ఎక్కడ మొదలవుతుందో రికార్డు మీద సుద్దతో చుక్క పెట్టుకున్నాడు. మడమతో నేల మీద తాళం వేసుకుంటూ, ఈ పాటలోంచి ఆ ముక్క, ఆ పాటలోంచి ఈ ముక్క కలుపుతూ ముప్పావు గంట ఎక్కడా తెగకుండా లాగేవాడు.

ఇప్పుడు పిల్లలు దీన్ని డీజే అంటారు. అప్పుడు దానికి పేరు లేదు. మా వైపు ‘దేవదానం కలుపుడు’ అనేవాళ్లు. డిస్కో పాటలు వచ్చాక అతని పంట పండింది. ఆ పాటల్లో వినపడే కరెంటు చప్పుళ్లు చూసి తనూ ఒకటి చేశాడు. సబ్బుపెట్టెలో రెండు ట్రాన్సిస్టర్లు, కాలింగ్ బెల్ మీట. నొక్కితే ‘కుయ్’ మంటుంది, నొక్కిపట్టి ఇంకో మీట తిప్పితే ఆ కూత పైకి పోతుంది. పాట మంచి పట్టు మీద ఉన్నప్పుడు తాళానికి సరిగ్గా దాన్ని నొక్కేవాడు. మొదటిసారి విన్నప్పుడు మా మేనమామ ఆకాశం వైపు చూశాడు.

అయినా దేవదానానికి తృప్తి లేదు. “మైకు గొట్టాలకెల్లి పాట వస్తది గని భూమి అదరది” అనేవాడు. భూమి అదరాలంటే డప్పు కావాలి. మా వైపు ఏ ఊరేగింపుకైనా ముందు డప్పులు నడుస్తాయి, మైకుబండి వెనక వస్తుంది. డప్పుకు ఒక చిక్కుంది. కొట్టగా కొట్టగా తోలు మెత్తబడి చప్పుడు దిగిపోతుంది. అప్పుడు గడ్డిమంట వేసి కాచుకోవాలి. కాచేంతసేపు ఊరేగింపు ఆగుతుంది, సిగ్గు యాదికొస్తుంది. డప్పు ఆగకుండా పాటల కింద ఎప్పుడూ మోగుతూ ఉంటే ఎట్లా ఉంటుంది అని అతనికి అనిపించింది.

ఇక్కడ రాజమల్లు గురించి చెప్పాలి. రాజమల్లు మా ఊరి డప్పు. పరకాలకు ఇవతల బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే మా ఊరు. అప్పటికి ఆయనకు యాభై దాటి ఉంటాయి. చేలో కలుపు తీసే ఆడవాళ్లు ఎక్కడో దూరంగా డప్పు వినిపిస్తే తల ఎత్తకుండానే ‘రాజమల్లు చెయ్యి’ అనేవాళ్లు. శ్రావణంలో పోచమ్మ బోనాలు ఆయన మొదటి దెబ్బ వేశాకే ఇళ్లలోంచి లేచేవి. ఆయన తండ్రి, తాత కూడా అట్లాగే లేపారు. ఆ మొదటి దెబ్బ కొట్టే హక్కు ఒక్కటే మా ఊరు ఆ ఇంటికి ఇచ్చిన గౌరవం. ఇంకేం ఇచ్చిందని అడగకండి.

1980లో ఒక రోజు దేవదానం మా ఊళ్లోని సాలెవాడలో పెళ్లికి కట్టిన మైకులు విప్పుకోవడానికి వచ్చాడు. బడి గోడ ఎక్కి తీగలు చుట్టుకుంటుంటే కాలవ గట్టు మీద నుంచి డప్పు వినిపించింది. ఎవరిదో శవం పోతోంది. దుమ్ము, తలలు తప్ప ఇంకేమీ కనిపించలేదట. “గసొంటి దరువు నేను పుట్టి ఇనలే తమ్మీ” అన్నాడు. టేప్‌రికార్డరు సంచిలోనే ఉంది. మైకును గోడ మీంచి వేలాడేసి మీట నొక్కాడు. అది చావు అని అతనికి తెలుసు. కానీ పాడె మీద ఎవరున్నారో డప్పుకేం తెలుసు అనుకున్నాడు. మంచి దరువు మంచి దరువే, చావైతే ఏంటి, పెళ్లైతే ఏంటి అనుకున్నాడు.

ఇంటికి పోయి క్యాసెట్ విప్పి, దరువు నాలుగు ఆవర్తాలు తిరిగే ముక్కను కోశాడు. జానెడు మీద నాలుగు వేళ్ల టేపు. దాని తలనూ తోకనూ సెల్లోటేపుతో అతికించి మళ్లీ క్యాసెట్‌లో చుట్టాడు. మీట నొక్కితే ఆ నాలుగు ఆవర్తాలే తిరిగి తిరిగి, మొదలూ చివరా లేకుండా మోగాలి. చెప్పినంత తేలిక కాదు. టేపు చిక్కుకునేది, అతుకు దగ్గర దరువు తడబడేది. సరిగ్గా కుదరడానికి రెండేళ్లు పట్టింది. కుదిరిన తర్వాత మొట్టమొదట బయటపెట్టింది మా అక్క పెళ్లిలోనే. అతన్ని పట్టుబట్టి పిలిపించింది నేను.

పొద్దున పది గంటలకు ఎదురుకోళ్లు. మగపెళ్లివారి లారీ ఊరి మొదట ఆగింది. రాజమల్లు, ఇంకో ముగ్గురు డప్పులతో ముందు, ఎడ్లబండి మీద బ్యాటరీలు, రెండు గొట్టాలు, పెట్టెలతో దేవదానం వెనక. కొంచెం దూరం రాగానే డప్పులు దిగిపోయాయి. వాళ్లు నలుగురూ దారి పక్కన గడ్డి అంటించి కాచుకోవడానికి వంగారు. సరిగ్గా అప్పుడు దేవదానం మీట తిప్పాడు.

డప్పు ఆగలేదు. అదే డప్పు, పదింతలై, రెండు గొట్టాల్లోంచి మోగింది. దాని మీదికి ఒక డిస్కో పాటలోని వాయిద్యాలు వచ్చి కూర్చున్నాయి, వాటి మీద సబ్బుపెట్టె కూసింది. ఊరు ఊగిపోయింది. నేను ఎగురుతూ ఎగురుతూ రాజమల్లు వైపు చూశాను. ఆయన డప్పును మంట మీద పట్టుకుని, తల తిప్పి, గొట్టాల వైపు చూస్తున్నాడు. తన రెండు చేతులూ ఖాళీ లేవు, తన దరువు మాత్రం మోగుతోంది. అది కోపం కాదు. చిన్నపిల్లలు అద్దం వెనక ఎవరున్నారో చూడబోయేటప్పటి ముఖం అది.

ఊరేగింపు మా వాకిలి దాకా వచ్చింది. భర్త పోయిన ఆడవాళ్లు శుభకార్యానికి ఎదురు రారు కాబట్టి మా నాయనమ్మ కట్టమ్మ వెనక కొట్టంలో కూర్చుని ఉంది. అట్లాంటిది చేతికర్ర కూడా లేకుండా నడివీధిలోకి వచ్చి, మగపెళ్లివారి ఎదురుగా నిలబడింది.

“బంద్ జెయ్యిండ్లి!” అని అరిచింది. “ఎవలు సచ్చిండ్లని కొడ్తాండ్లు ఇది? ఇది సావు దరువు. రాజమల్లు చెయ్యి ఇది!”

దేవదానం మీట తిప్పి ఆపేశాడు. పెళ్లి ఆగలేదు. మా నాయిన యాకయ్య మగపెళ్లివారి కాళ్లా వేళ్లా పడి, దిష్టి తీయించి, అనుకున్న ముహూర్తానికే తాళి కట్టించాడు. అశుభం అని ఆరోజు ఎంతమంది గొణిగినా మా అక్కా బావా ఇప్పటికీ రోజూ పోట్లాడుకుంటూ నిక్షేపంగా ఉన్నారు. దెబ్బ ఎవరి మీద పడాలో వాళ్ల మీద పడింది. ‘రాజమల్లు చెయ్యి’ అన్న ఒక్క మాట చాలు మా ఊరికి. కిందటేడు వాళ్ల వాడకు బోరింగు వేయించమని అడిగితే సర్పంచి రాజేశ్వర్ రావు కసిరి పంపించాడు. ఆ కసి ఊరి పెద్దల మీద తీర్చుకోవడానికే రాజమల్లు మైకు అతనికి చావు దరువు కొట్టిచ్చి పెళ్లింట్లో మోగించాడని సాయంత్రానికల్లా తీర్మానం అయిపోయింది. “నాకు తెల్వది పటేలా, నా బిడ్డల మీద ఒట్టు” అని ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఈ ఏడు పోచమ్మకు పరకాల నుంచి డప్పులు తెప్పిస్తామని, రాజమల్లు గానీ ఆయన ఇంటివాళ్లు గానీ ఇంక ఎప్పుడూ బోనాల ముందు నడవకూడదని రాజేశ్వర్ రావు చెప్పేశాడు.

మైకు అతన్ని ఒక్కరూ అడగలేదు. అతను దిష్టి తీయడంతో గొడవ తీరిపోయిందనుకుని సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. పిలిపించింది నేను కాబట్టి నేను నోరు విప్పాలి. మా నాయినకు భయపడి విప్పలేదు. రెండు నెలలు అట్లాగే తిన్నాను, తిరిగాను. ఆషాఢం పోయి శ్రావణం వచ్చి బోనాలు ఇంకో మూడు రోజులున్నాయనగా, రాజమల్లు మా చేను గట్టు మీద నన్ను చూసి కూడా చూడనట్టు పోయాడు. ఆయన ఏమన్నా తిట్టి ఉంటే నేను కదిలేవాణ్ణి కాదేమో. మర్నాడు హనుమకొండ బస్సెక్కాను.

దేవదానం రేడియో విప్పుకుని కూర్చున్నాడు. నేను చెప్పింది విని చేతిలోని సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు. “రాజమల్లన్నకు నేను తీసిన సంగతే తెల్వదు గదా” అన్నాడు.

లోపలి నుంచి మార్తమ్మ వచ్చింది. “పెండ్లిల సావు డప్పు పెట్టింది నేనే అని నోటితోని చెప్పుకుంటవా? రేపటి సంది మనల్ని పెండ్లికి పిలిచెటోడు ఉంటడా?”

“ఉండడు” అన్నాడు.

“మరి?”

అతను టేప్‌రికార్డరు తీసి సంచిలో పెట్టుకున్నాడు. మార్తమ్మే మళ్లీ అంది, “టేపు రికార్డరు సెల్లు అయిపోయినయి. కొత్తయి ఏసుకొని పో.”

ఆ మర్నాడు మొదటి బస్సుకు మా ఊరు వచ్చాడు. అతను మాట్లాడాలని కబురు పెడితే మా వాకిట్లోనే పెద్దమనుషులు కూర్చున్నారు. రాజేశ్వర్ రావు కుర్చీలో, మా నాయినా ఇంకో పదిమందీ అరుగు మీద, నాయనమ్మ స్తంభానికి ఆనుకుని. రాజమల్లు గేటు బయట నిలబడ్డాడు. ఆయన గురించి పంచాయతీ, ఆయనే గేటు బయట. అప్పట్లో అది నాకు వింతగా కూడా అనిపించలేదు, అదీ నా మీద నాకున్న కోపం.

దేవదానం నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. రాజేశ్వర్ రావు తల ఊపాడు. “నువ్వు మంచోనివే దేవదానం. పాపం వాన్ని కాపాడుదామని ఒచ్చినవ్. గని డప్పు గురించి ఏం తెల్వకుండనే గంత పని జేసినవంటే మేం నమ్మాల్నా?”

“జర ఇనుండ్లి సార్, ఇనిపిస్త” అని అతను సంచిలో చెయ్యి పెట్టాడు.

అరుగు మీదున్న పదిమందీ లేచారు. “వద్దు వద్దు! సచ్చినోడు లేనిది సావు డప్పు ఇంట్ల మోగుతదా?” అని అరిచారు. సాక్ష్యం సంచిలోనే ఉంది, బయటికి తీసే వీలు లేదు. దేవదానం క్యాసెట్ ఒక్కటే తీసి, స్క్రూడ్రైవరుతో విప్పి, ఆ జానెడు టేపును వేళ్ల మధ్య పట్టుకుని చూపించాడు. “ఇగో, ఇంతే ముక్క. తలకూ తోకకూ అతికేసిన. నేనే కోసిన” అన్నాడు. దాన్ని చూసి ఎవరికేం అర్థమవుతుంది? తుమ్మితే ఎగిరిపోయే రిబ్బను ముక్క.

అప్పుడు నాయనమ్మ మాట్లాడింది. “పిలగా, నా దిక్కు సూడు. ఊరి మొదట్ల సంది మా వాకిట్లకు ఒచ్చేదాంక ఆ దరువు ఒక్కతీరుగ కొట్టుకుంటనే ఒచ్చింది. నడుమ దింపుడు కల్లం ఏది?”

దేవదానం ఆమె వైపు చూశాడు. మా వైపు చూశాడు. “దింపుడు కల్లం అంటే ఏందవ్వా?” అని అడిగాడు.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మా దగ్గర శవాన్ని మోసుకుపోతూ సగం దారిలో పాడె దించుతారు. డప్పు అక్కడ మారి, ఆగిపోతుంది. అయినవాళ్లు పోయినవాడి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఇంకా ఉంటే పలుకుతాడేమో అని. పలకకపోతే మళ్లీ డప్పు ఎత్తుకుంటుంది. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, నడిచి నేర్చుకుంటారు. దేవదానం వాళ్లది చర్చి ఇల్లు. వాళ్ల చావులు పెట్టెలో, ప్రార్థనతో, పాటలతో పోతాయి. అతని కుటుంబంలో దించడం అనేదే లేదు. నలభై ఏళ్ల మనిషి, ఊళ్లను ఎగిరించే మనిషి, ఆ ప్రశ్న ఎంత అమాయకంగా అడిగాడంటే రాజేశ్వర్ రావు కూడా గడ్డం గోక్కున్నాడు.

“ఇంక ఏం సాచ్చికం గావాలె మీకు?” అంది నాయనమ్మ. “రాజమల్లు ఇచ్చిందైతే దించుడు లేకుండ ఇచ్చునా? పానం పొయినోన్ని బాట నడుమ ఇడిసిపెట్టి వస్తడా వాడు? ఇది తెల్వనోడు కోసిన కోత. తప్పు నాది. చెయ్యి గుర్తువట్టిన గని కోత గుర్తువట్టకపోతి.”

గేటు బయట రాజమల్లు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. రాజేశ్వర్ రావు ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తి ఆపి, దేవదానాన్ని ఇంకో మాట అడిగింది. “ఎన్నడు తీసినవ్ పిలగా?”

“రెండేండ్ల కింద అవ్వా. సాలోళ్ల వాడల పెండ్లైన తెల్లారి. కాలువ కట్ట మీదికెల్లి పోతాండ్రు.”

నాయనమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకోలేదు. నేనూ చూసుకోలేదు. సాలెవాడ పెళ్లి తెల్లారే మా తాత పోయాడు. ఆ కాలవ గట్టు మీద పాడె వెనక నడిచినవాణ్ణి నేను. అదే దరువుకు రెండేళ్లకు నా ఇంటి ముందే ఎగిరాను.

“అంటే రెండేండ్ల సంది ఆయన పాడె మీదనే ఉన్నడా?” అంది నాయనమ్మ, ఎవరినీ చూడకుండా. “గా డబ్బల తిప్పుతనే ఉన్నరా? దించనే లేదా?” కాసేపటికి లేచి నిలబడింది. “లేవుండ్లి. దించి వద్దాం.”

“సచ్చినోడు లేనిది ఎట్లనవ్వా?” అన్నాడు రాజేశ్వర్ రావు.

“లేడని ఎవలన్నరు? నా మొగడు ఉన్నడు గదా దాంట్ల!”

మా ఇళ్లల్లో ఆడవాళ్లు శ్మశానం దారి పట్టరు. ఆమె అందరికంటే ముందు నడిచింది.

కాలవ గట్టు దిగే చోట రాజమల్లు గడ్డి అంటించి డప్పు కాచాడు. దేవదానం పక్కనే కూర్చుని క్యాసెట్ బిగిస్తున్నాడు. స్క్రూ రెండుసార్లు గడ్డిలో పడింది. “తప్పయిందన్నా. పాడె మీద ఎవలున్నరో డప్పుకేం ఎరుక అనుకున్న” అన్నాడు.

“డప్పుకు ఎరుక లేదు తమ్మీ. ఇనెటోళ్లకు ఎరుక” అన్నాడు రాజమల్లు. డప్పు తిప్పి రెండో పక్క కాచాడు. “మీ తాతలు సుత కొట్టినోళ్లే అయ్యుంటరు. యేసయ్య కాడికి పొయ్యినంక డప్పు ఇడిసిపెట్టిండ్లు. చెవి మాత్రం ఇడువలే. లేకపోతే గోడ మీదికెల్లి గా నాలుగు ఆవర్తాలే ఏరుకుందువా నువ్వు?”

ఇంట్లో ఎన్నడూ ఎవరూ దేవదానానికి ఆ మాట చెప్పలేదట. చాలా ఏళ్ల తర్వాత నాకు ఇదంతా చెప్పేటప్పుడు కూడా ఈ మాటను రెండుసార్లు చెప్పాడు.

మీట నొక్కాడు. చిన్న డబ్బాలోంచి ఆ దరువు మోగింది. రాజమల్లు రెండు ఆవర్తాలు ఊరకే విని, మూడోదాంట్లో తన దెబ్బ వేశాడు. రెండేళ్ల కిందటి చెయ్యీ ఇప్పటి చెయ్యీ ఒకటే నడక నడిచాయి. దేవదానం టేప్‌రికార్డరును రెండు చేతులా పట్టుకుని ఆయన వెనక, నాయనమ్మ పక్కన, మేం ఆ వెనక. పాడె దించే చోటికి వచ్చేసరికి రాజమల్లు ఒక్కసారి వెనక్కి చూశాడు. దరువు మార్చాడు. దించుడు దెబ్బలు మూడు వేసి, ఆఖరి దానికి పుల్ల పైకెత్తాడు. పుల్ల తోలుకు తగలడమూ దేవదానం బొటనవేలు మీట నొక్కడమూ ఒక్కసారే జరిగాయి. కాలవలో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అతను చేసిన కలుపుళ్లన్నింటిలోకీ అదే గొప్పదని నేను అంటాను. దానికి ఎవరూ ఎగరలేదు.

టేప్‌రికార్డరును నేల మీద పెట్టించి నాయనమ్మ దాని పక్కన చతికిలబడింది. పెనిమిటి పేరు ఆమె బతికినన్నాళ్లూ నోట పలకలేదు. వంగి, ఆ డబ్బా దగ్గరగా నోరు పెట్టి, “ఓ యాకయ్య నాయినా” అని పిలిచింది. ఆగింది. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచి చాలాసేపు చెవి పెట్టి విన్నది. మా నాయిన పక్కకు తిరిగి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

“పలుకుతలేడు” అంది నాయనమ్మ. “ఇగ పోనియ్యిండ్లి.”

దేవదానం క్యాసెట్ తీసి, ఆ జానెడు టేపును కాలవలో వదిలాడు. నాయనమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, రాజేశ్వర్ రావు ఎదుటే, ఆయన్ను అడగకుండానే, “రేపు బేస్తారం పోచమ్మ కాడికి పొద్దుగాల్నే రా రాజమల్లు. నువ్వు దెబ్బ ఎయ్యనిది మా ఇంట్ల బోనం లేవది” అంది. రాజేశ్వర్ రావు కాలవ వైపు చూస్తూ నిలబడ్డాడు. పరకాల వాళ్లకు వద్దని కబురు ఆ సాయంత్రమే పోయింది.

ఆమె దేవదానం వైపు తిరిగింది. “నువ్వు సుత రా పిలగా. పెట్టె తేకు.”

మార్తమ్మ భయపడ్డట్టే ఏడాదిన్నర దాకా మా వైపు ఏ పెళ్లికీ అతన్ని పిలవలేదు. పట్నం పనులతో నెట్టుకొచ్చాడు. తర్వాత జనం మరిచిపోయారు, అతను మరిచిపోలేదు. ఎక్కడ డప్పు విన్నా, ఇది ఏ దరువు, ఎందుకు కొడతారు, ఎక్కడ ఆగుతుంది అని కొట్టేవాళ్లను కూర్చోబెట్టి అడిగాకే టేపు మీట నొక్కేవాడు. ఎనభై ఏడులో నేను చూసేనాటికి అతని అలమారలో అట్లాంటి క్యాసెట్లు నలభై దాకా ఉన్నాయి. ప్రతిదాని మీదా కొట్టినవాళ్ల పేరు ముందు, దరువు పేరు తర్వాత.

ఆ బేస్తారం బోనాలకు మాత్రం ఉత్త చేతులతో వచ్చాడు. వైర్లు లేని, మీటలు లేని ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక ఒకసారి జేబుల్లో పెట్టుకున్నాడు, ఒకసారి వెనక కట్టుకున్నాడు. రాజమల్లు మంట దగ్గర కూర్చుని డప్పులు కాస్తూ అతన్ని చూశాడు. ఒక డప్పు తీసి అతని చేతుల్లో పెట్టి, “కాపు” అన్నాడు. దేవదానం దాన్ని మంట మీద పట్టుకున్నాడు. “గట్ల గాదు, తిప్పుకుంట కాపు. మాడుతది” అని రాజమల్లు అతని మణికట్టు పట్టుకుని తిప్పి చూపించాడు.